జాబితాయు ప్రమేయమును

కంప్యూటరునకు పని చెప్పు విద్య నేర్వగోరువారు మొట్టమొదట చేజిక్కించుకొనవలసిన సాధనములు రెండు కలవు. ఒకటి జాబితా, రెండవది ప్రమేయము. వాడుకలో వీనిని లిస్టు, ఫంక్షను అందురు. ఈ రెంటిని గూర్చి పుస్తకములలో చదివి తెలిసికొనుట గంటసేపటి పని. కాని చేతికి అలవాటు చేసికొనుట నెలల పని. ఆ అభ్యాసము ఎట్లు సాగవలెనో, అందు తొట్రుపాటు ఎచ్చట కలుగునో, నా యనుభవమునుండి నాలుగు మాటలు మనవి చేసికొందును.

నేను గణితశాస్త్రము చదివినవాడను కాను. ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి జీవితము గడపినవాడను. ఏబది యేండ్లు దాటిన పిమ్మట ఈ విద్యకు శ్రీకారము చుట్టితిని. కనుక నా ఉదాహరణములు కొన్ని ఛందస్సునుండి వచ్చును. అందుకు శ్రోతలు ఆశ్చర్యపడనక్కరలేదు. గురులఘువుల వరుసకంటె మంచి జాబితా మనకు మఱియొకటి దొరకదు.

జాబితా యనగా వరుస గల కూర్పు. పెండ్లి పిలుపులకై వ్రాసికొన్న పేర్ల పట్టీ జాబితాయే. అంగడికి పంపు సరకుల చీటీయు జాబితాయే. అందు ఏది మొదటిది, ఏది తరువాతిది యను క్రమము ముఖ్యము. చివరకు ఒకటి చేర్చవచ్చును, నడుమనుండి ఒకటి తీయవచ్చును, ఒక ముక్కను కోసి వేఱుగా పెట్టుకొనవచ్చును. జాబితాలతో పని చేయుటయే ముఖ్యముగా నెంచి 1958లో జాన్ మెకార్తీ యను అమెరికా పండితుడు లిస్పు అను ప్రోగ్రాము భాషను తలపెట్టెను. ఆ పేరే జాబితాలను నడపుట యను అర్థము గల రెండు ఇంగ్లీషు మాటలనుండి పుట్టినది.

ప్రమేయ మనగా పేరు పెట్టబడిన పని. దానికి కొంత సరకు ఇత్తుము. అది ఒక ఫలితమును తెచ్చి మన చేతిలో పెట్టును. ఒకమారు వ్రాసి సరిచూచిన పనిని మరల మరల వ్రాయనక్కరలేదు. పేరు పెట్టి పిలిచిన చాలును. ఇంగ్లాండు దేశములో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున 1949లో పని మొదలుపెట్టిన ఎడ్శాక్ అను యంత్రముతో మారిస్ విల్క్సు, డేవిడ్ వీలరు, స్టాన్లీ గిల్ అనువారు ఈ పద్ధతిని చక్కగా నడపిరి. సరిచూచిన చిన్న చిన్న పనులను రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీలపై గ్రంథాలయమువలె దాచిపెట్టిరి. ఆ విధానమును వివరించుచు 1951లో వారొక పుస్తకమును ప్రకటించిరి. నేడు మనము ప్రమేయములు వ్రాసికొని దాచుకొనుట ఆ గ్రంథాలయపు సంతతియే.

నేను నేర్చిన భాష పైథాను. గైడో వాన్ రోసమ్ అను డచ్చి దేశీయుడు దీనిని 1991లో లోకమునకు వెల్లడించెను. 2008లో వచ్చిన మూడవ పైథానునుండి మన ప్రమేయములకును జాబితాలకును తెలుగు లిపిలోనే పేర్లు పెట్టుకొనవచ్చును. ఆజ్ఞా పదములు మాత్రము ఇంగ్లీషువే. మొదట నేర్చుకొనువారికి ఇది సామాన్యమైన ఊరట కాదు.

ఇక అభ్యాసము. గురువునకు రెండు, లఘువునకు ఒకటి యని సంకేతము పెట్టుకొందము. ఉత్పలమాల పాదమునకు భ, ర, న, భ, భ, ర, వ అను గణములు. గణముల గుర్తులను వరుసగా పరచినచో ఇరువది యంకెల జాబితా యగును. ఈ జాబితాను గైకొని మాత్రలు లెక్కించి యిచ్చు ప్రమేయమును వ్రాయుడు. ఇది మొదటి పాఠము. సున్నతో మొదలుపెట్టి, జాబితాలోని ఒక్కొక్క యంకెను కలుపుకొనుచు పోయి, తుదకు వచ్చిన మొత్తమును తిరిగి ఇయ్యవలెను. ఉత్పలమాలకు ఎనిమిది గురువులు, పండ్రెండు లఘువులు. కనుక ఇరువది యెనిమిది రావలెను. ఆ సంఖ్యను ముందుగా కాగితముపై మీరు లెక్కించి పెట్టుకొనుడు. తరువాతనే యంత్రము నడుగుడు. ఈ క్రమమును తలక్రిందు చేయువారు యంత్రము చెప్పినదే సత్యమని నమ్మి మోసపోవుదురు.

ఇచ్చట క్రొత్తవారిని వేధించు భ్రమ యొకటి కలదు. ఫలితమును తెరపై చూపుట వేఱు, తిరిగి ఇచ్చుట వేఱు. పిల్లవానిని కొట్టునకు పంపి ఉప్పు తెమ్మంటిమనుకొందము. వాడు వీథిలో నిలిచి "ఉప్పు ఉన్నదీ!" యని కేకవేసి, ఉత్తచేతులతో ఇంటికి వచ్చినచో కూర కెట్లు పనికివచ్చును? తెరపై అచ్చు వేసి ఊరకుండు ప్రమేయము ఆ పిల్లవానివంటిది. కంటికి సమాధానము కనబడును గాని, దానిని పట్టుకొని తరువాతి పని చేయుటకు వీలుండదు. రిటర్ను అను ఆజ్ఞ వ్రాసిననే ఫలితము మన చేతికి వచ్చును. నేను మొదటి పది దినములు ఈ భేదము తెలియక తిరిగితిని.

మఱియొక చిన్న చిక్కు లెక్కింపును గూర్చినది. పైథానులో జాబితాయందలి మొదటి వస్తువు స్థానము సున్న. ఉత్పలమాలకు పదవ యక్షరము యతిస్థానము గదా. జాబితాలో దానిని తొమ్మిది యని యడుగవలెను. పది యని యడిగినచో పదునొకండవ యక్షరము వచ్చును. యంత్రము తప్పని చెప్పదు. మాఱు మాటాడక వేఱొకదానిని ఇచ్చును. కేకవేయు తప్పుకంటె ఇట్లు నోరు మెదపక జరుగు తప్పు ప్రమాదకరము.

రెండవ పాఠమునకు వత్తము. ఉత్పలమాల పాదములోని మొదటి గురువును తీసి, ఆ చోట రెండు లఘువులు పెట్టినచో చంపకమాల పాదమగునని లక్షణము తెలిసినవారెల్ల ఎఱుగుదురు. న, జ, భ, జ, జ, జ, ర అను గణములు దానంతట అవియే యేర్పడును. శార్దూలమునుండి మత్తేభము పుట్టుటయు ఈ విధముననే. ఈ పని చేయు ప్రమేయమును వ్రాయుడు. రెండు లఘువుల జాబితా తీసికొని, పాత జాబితాలో మొదటిది విడిచి తక్కినదంతయు కోసి, దాని వెనుక అతుకవలెను. అంతయు ఒక్క పంక్తిలో ముగియును. సరిచూచుట యెట్లు? అక్షరములు ఇరువదినుండి ఇరువదియొకటి కావలెను. మాత్రలు మాత్రము ఇరువది యెనిమిదిగనే నిలువవలెను. ముందు వ్రాసిన మాత్రల ప్రమేయము ఇప్పుడు రెండవదానికి సాక్షి యయ్యెను. ఒక ప్రమేయము మఱియొకదానిని తూచు తక్కెడ యగుట ఈ విద్యలో నిత్యానుభవము.

ఈ పనినే మఱియొక విధముగా చేయవచ్చును. పాత జాబితాలోనే మొదటి గురువును తీసివేసి, ఆ జాబితాలోనే రెండు లఘువులు చొప్పింపవచ్చును. ఫలితము చూచుట కొక్కటే. కాని అప్పుడు ఉత్పలమాల ఎచ్చట నున్నది? లేదు. చంపకమాలను సంపాదించి ఉత్పలమాలను పోగొట్టుకొంటిమి. క్రొత్త జాబితాను కట్టి యిచ్చు ప్రమేయము ఒక జాతి, ఉన్న జాబితాను మార్చివేయు ప్రమేయము మఱియొక జాతి. మీరు వ్రాయునది ఏ జాతిదో వ్రాయకముందే నిశ్చయించుకొనవలెను. పైథానులో జాబితాను అక్షరక్రమమున అమర్చుటకు రెండు సాధనములు కలవు. సార్టెడ్ అనునది అమర్చిన క్రొత్త జాబితాను ఇచ్చును. సార్టు అనునది ఉన్న జాబితానే అమర్చును. తిరిగి ఏమియు ఇయ్యదు. ఆ "ఏమియు లేదు" అనుదానిని తన జాబితా పేరునకే తగిలించి, ఉన్న జాబితాను చేజార్చుకొనని విద్యార్థి అరుదు.

"ముందుగా నకలు తీసికొందును, భయమేమి?" అని మీ రనవచ్చును. నకలు తీయుట తెలిసినచో మంచిదే. కాని ఉన్న జాబితాకు రెండవ పేరు పెట్టుట నకలు తీయుట కాదు. ఇంటిలో బుజ్జిగాడని పిలిచినను, బడిలో సుబ్బారావని పిలిచినను, మంగలి గొరిగిన తల ఒక్కటే. బుజ్జిగానికి క్షవరము చేయించి సుబ్బారావు జుట్టు నిలిచి యుండు నని యాశింపరాదు. నకలు కావలెనన్నచో కాపీ యను ఆజ్ఞతో వేఱు జాబితాను పుట్టింపవలెను.

ఇంతవరకు చెప్పినది పద్యపాదములతో ఆట. పాదము చెడిన మరల వ్రాసికొందుము. ఎవ్వరికిని నొప్పి లేదు. మనుష్యుల పేర్లు జాబితా కెక్కినప్పుడు సంగతి వేఱు. నాకు జరిగినదానిని దాచక చెప్పెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట నేను పదవ తరగతికి తరగతి యుపాధ్యాయుడనై యుంటిని. పబ్లిక్ పరీక్షకు రుసుము కట్టవలసిన దినములు దగ్గఱపడినవి. తరగతిలో ముప్పది యిద్దఱు పిల్లలు. అప్పటికి రుసుము కట్టినవారు ఏడుగురు మాత్రమే. క్రొత్తగా నేర్చిన విద్య గదా, చేయి ఊరకుండలేదు. పిల్లల పేర్లన్నియు ఇంటిపేర్ల యక్షరక్రమమున ఒక జాబితా చేసితిని; కట్టినవారి పేర్లు మఱియొకటి. మొదటి జాబితాను వరుసగా చూచుచు, కట్టినవాని పేరు వచ్చినప్పుడెల్ల దానిని అందుండి తీసివేయు ప్రమేయ మొకటి వ్రాసితిని. మిగిలినవారే బాకీదారులు. అంతకుముందు నాలుగైదు పేర్లతో పరీక్షించి చూచితిని, సరిగా పనిచేసెను. మఱునాటి ఉదయము ప్రార్థనాసమావేశమున ఆ బాకీ జాబితాను పైకి చదివితిని. పేరు పిలువబడినవారు నిలుచుండిరి. ఎవ్వరును ఎదురు పలుకలేదు.

ఆ తరువాతి దినము తెల్లవాఱిన కొంతసేపటికే ఒక తల్లి బడి గుమ్మము ముందు నిలిచి యుండెను. కొంగు ముడి విప్పి రసీదు తీసి నా చేతిలో పెట్టెను. "మా తోడికోడలి కొడుకుకీ మా వాడికీ ఒకేనాడు కట్టినాము గదండీ అయ్యగారూ. వాడి పేరు చదవలేదంట, మా వాడి పేరు చదివినారంట. రాత్రి అన్నం దగ్గర కూర్చోలేదు" అనెను. కేక వేయలేదు, నిష్ఠురమాడలేదు. అది మఱింత కష్టముగా తోచెను. అప్పుడు నా నోటినుండి వెలువడిన మొదటి మాట "కంప్యూటరు తప్పమ్మా" అని. ఆ మాట అబద్ధమని ఆ రాత్రి యింట కూర్చుండి పరిశీలించినప్పుడు తెలిసెను.

జరిగిన దేమో మీరును కాగితముపై చూడుడు. గురువు, లఘువు, లఘువు, గురువు అని నాలుగు గుర్తులు వరుసగా వ్రాయుడు. లఘువుల నన్నిటిని తీసివేయవలెను. సున్నవ స్థానమున వ్రేలు పెట్టుడు. గురువు, విడువుడు. ఒకటవ స్థానమునకు వ్రేలు జరుపుడు. లఘువు; తీసివేయుడు. ఇప్పుడు వెనుకనున్నవి రెండును ముందునకు జరుగును. రెండవ లఘువు వచ్చి ఒకటవ స్థానమున, మీ వ్రేలి క్రిందనే కూర్చుండును. కాని వ్రేలు ఆగదు. తన క్రమము చొప్పున రెండవ స్థానమునకు పోవును. అచ్చట గురువున్నది. పని ముగిసెను. నడుమ నొక లఘువు ఎవ్వరును చూడకయే మిగిలిపోయెను. తీసివేయబడినదాని వెంటనే యున్నది పరీక్షకే రాదు. ఇదియే రహస్యము.

ఆ పిల్లలిద్దఱిది ఒకే యింటిపేరు. కనుక జాబితాలో ఒకరి ప్రక్క నొకరు పడిరి. ఒక యింటివారు గావున రుసుమును ఒకేనాడు కట్టిరి. తక్కిన యైదుగురును జాబితాలో దూర దూరముగ నుండిరి. వారి విషయమున తప్పు బయటపడలేదు. నేను పరీక్షించిన నాలుగైదు పేర్లలోను కట్టినవా రిద్దఱు ప్రక్కప్రక్కన లేరు. యంత్రము నేను చెప్పినది చెప్పినట్లు చేసెను. దోషము నా యాజ్ఞలోనిది, నా పరీక్షలోనిది, రసీదు పుస్తకముతో సరిపోల్చక పదుగురిలో చదివిన నా తొందరలోనిది.

మఱునాడు అదే సమావేశములో ఆ పిల్లవాని రుసుము ముందే చెల్లినదనియు, పొరపాటు నాదేననియు చెప్పితిని. వాడు తలవంచుకొని నిలిచెను. పిదప తరగతిలో వానిని పిలిచి, ఈ నాలుగు గుర్తుల లెక్కను నల్లబల్లపై వేసి చూపితిని. రెండుమాఱులు వ్రేలు జరిపి చూచి, "తీసేయడం ఎందుకండీ మాస్టారూ, కట్టనివాళ్ల పేర్లు వేరే రాసుకుంటే పోదా?" అని యడిగెను.

శ్రోతలారా, శాస్త్రగ్రంథములు ఉపదేశించు మార్గము ఆ పిల్లవాడు చెప్పినదే. చూచుచున్న జాబితానుండి తీయవలదు. ఖాళీ జాబితా నొకదానిని ముందు పెట్టుకొని, ఉంచదగినవానిని ఒక్కొక్కటిగ అందు చేర్చుచు పొండు. పాత జాబితా చెక్కుచెదరదు. వ్రేలు ఎచ్చటను తప్పిపోదు. పైథానులో ఈ పనిని ఒకే పంక్తిలో చేయు సౌకర్యమును కలదు గాని, మొదట నాలుగు పంక్తులలో విడివిడిగా వ్రాసి నేర్చుకొనుటయే మేలు.

ఈ యనుభవము తరువాత నేను కొన్ని నియమములు పెట్టుకొంటిని. ప్రమేయము వ్రాయకముందు తెలుగులో మూడు వాక్యములు వ్రాసికొందును. ఇది ఏమి తీసికొనును? ఏమి తిరిగి ఇచ్చును? దేనిని ముట్టరాదు? ఈ మూడును చెప్పలేనప్పుడు ప్రోగ్రాము వ్రాయుటకు నేనింకను సిద్ధముగా లేనని యర్థము. ఒక ప్రమేయమునకు ఒకే పని పెట్టుదును. పది పంక్తులు దాటినచో రెండుగా చీల్చుదును. పిమ్మట నాలుగు విధముల జాబితాలతో పరీక్షింతును. ఒకటి, ఖాళీ జాబితా. రెండు, ఒక్క వస్తువే గల జాబితా. మూడు, అన్నియు తీయవలసినవే యైన జాబితా. నాలుగు, తీయవలసినవి ప్రక్కప్రక్కన నున్న జాబితా. మూడవదానితో ఆనాడే పరీక్షించి యుండినచో సగము పేర్లు మిగిలిపోయి, నా తప్పు నాకే కనబడి యుండెడిది. ఆ తల్లి అంతదూరము నడచి రావలసిన పని లేకపోవును.

ఇక మీ యభ్యాసమునకై ఒక సమస్య నిచ్చి ముగింతును. ఇన్ని మాత్రలని చెప్పినచో, అన్ని మాత్రలు గల గురులఘువుల కూర్పుల నన్నిటిని జాబితాగా ఇచ్చు ప్రమేయమును వ్రాయుడు. ఒక మాత్రకు ఒకటే కూర్పు, లఘువు. రెండు మాత్రలకు రెండు, గురువు ఒక్కటియు, లఘువులు రెండును. ఆపైని సూత్రము సులభము. మూడు మాత్రల కూర్పు లఘువుతోనైన ముగియవలెను, గురువుతోనైన ముగియవలెను. కనుక రెండు మాత్రల కూర్పులకు తుద లఘువు చేర్చుడు. ఒక మాత్ర కూర్పునకు తుద గురువు చేర్చుడు. మూడు వచ్చును. ఇట్లే నాలుగు మాత్రలకు ఐదు వచ్చును. అవి యేవో పరికింపుడు. భ గణము, జ గణము, స గణము, రెండు గురువులు, నాలుగు లఘువులు. మన కందపద్యమునకు లక్షణకారులు విధించిన గణములు ఈ యైదే! ఒకటి, రెండు, మూడు, ఐదు, ఎనిమిది, పదుమూడు అని పెరుగు ఈ సంఖ్యలను యూరపులో ఫిబొనాచీ 1202లో వ్రాసెను. అంతకుముందే పండ్రెండవ శతాబ్దమున హేమచంద్రుడు ఛందస్సు సందర్భమున వీనిని చెప్పి యుండెను.

ఈ సమస్యలో ఒక గోతి యున్నది. పాత కూర్పుననే లఘువు చేర్చినచో, ముందటి జాబితా చెడిపోవును. తరువాత గురువు చేర్చుటకు పాత కూర్పు దొరకదు. ప్రతి కూర్పునకు క్రొత్తది కట్టుడు. బుజ్జిగాని తలను మాత్రము మఱవకుడు.

నాలుగు మాత్రలకు ఐదు వచ్చినచో మీ ప్రమేయము నిలిచినట్లే. ఆఱు మాత్రలకు పదుమూడు రావలెను. ముందుగా కాగితముపై వ్రాసికొని, తరువాత యంత్రము నడుగుడు. మనుష్యుల పేర్లను ఆ తరువాతనే దాని చేతికి ఇయ్యుడు.